ఇన్ని రకాల లినక్స్ అవసరమా? మా ల్యాబ్ సాక్షిగా అడుగుతున్నా

ల్యాబ్‌మేడమ్, చిత్తూరు
మాది చిత్తూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. ల్యాబ్‌లో 22 సిస్టమ్‌లు, అన్నీ 4 జీబీ ర్యామ్‌వే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది. విండోస్ 11 ఈ పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. కొత్తవి కొనేందుకు డబ్బుల్లేవని యాజమాన్యం చేతులెత్తేసింది. సరే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామని కూర్చున్నా. దాంట్లో ఎన్ని రకాలో! ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, మంజారో... పోనీ మింట్ అనుకుంటే అందులో మళ్లీ డెస్క్‌టాప్‌లు, అంటే తెరమీద కనిపించే రూపాలు: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. రెండు ఆదివారాలు పోయాయి. అడిగిన ప్రతివాళ్లూ ఒకటి చెప్పి, పక్కాయన చెప్పింది దండగ అంటారు.

ఏది వేయాలో చెప్పమని అడగడం లేదు. ఇన్ని రకాలుండటమే లినక్స్ కొంప ముంచలేదా? అందరూ ఒక్కదాని మీదే పనిచేసుంటే ఈపాటికి ఇంటింటా ఉండేది కదా?

స్క్రూడ్రైవర్, తిరుపతి
మేడమ్, లీలామహల్ సర్కిల్ దగ్గర రిపేరు షాపు నాది. రకాలు ఉండబట్టే మీ సిస్టమ్‌లు ఇంకా బతికుండాయి. పోయిన నెల నారాయణవనం నుంచి ఒకాయన 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ తెచ్చినాడు. కీబోర్డు సందుల్లో విభూది. దాంట్లో మామూలు ఉబుంటు వేస్తే బ్రౌజర్ తెరుచుకునేలోపు నేను ఎదురంగడికి పోయి టీ తాగి వచ్చినా. తీసేసి ఉబుంటులోనే తేలికైన రకం, లుబుంటు వేసినా. లోపల కెర్నెల్ అనే గుండెకాయ అదే, ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములు, అవే, మారింది పైన డెస్క్‌టాప్ ఒక్కటే. ఆయన మనవరాలు హాల్‌టికెట్టు డౌన్‌లోడ్ చేసుకుని పోయింది. పాత హార్డ్ డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ కూడా వేసినాలెండి, పేరంతా లుబుంటుకే ఇస్తే అబద్ధమైపోతుంది.

అచ్చుపని
వందల రకాలుండాయి అంటా ఉండారు, విండోస్‌లో తెలుగు టైపు చేసే మా అనూ స్క్రిప్ట్ ఏ రకంలో నడుస్తుందో చెప్పండి సామీ. ముప్పై ఏండ్లుగా పెండ్లిపత్రికలు కొట్టేది దాంట్లోనే. సాఫ్ట్‌వేర్ చేసేవాడు మాత్రం ఏ లినక్స్‌కని చేస్తాడు? కొత్త ప్రింటర్ కొంటే కంపెనీవాళ్లు ఇచ్చింది ఉబుంటు, డెబియన్‌లకు పనికొచ్చే డెబ్ ఫైలు. మా అల్లుడు నా సిస్టమ్‌లో వేసి పెట్టింది ఫెడోరా, దానికేమో ఆర్‌పీఎమ్ అనే వేరే రకం ఫైలు కావాలంట. రెండు రోజులు చూసి, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ వేసుకుని పక్క షాపుకి పోయి ప్రింట్ తీయించుకున్నా. అచ్చు షాపు పెట్టుకుని ఇంకొకడి దగ్గర ప్రింట్! ఎవురికైనా చెప్పుకుంటే సిగ్గు.

రాత్రిడ్యూటీ
అచ్చుపని అన్నా, ఆ గోల తీరుద్దామనే ఏ లినక్స్‌లోనైనా నడిచేటట్టు ప్రోగ్రామ్‌ను కట్టిచ్చే ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ వచ్చినాయి. ఒకటి కావాలంటే మూడొచ్చినాయి, నవ్వుకో.

మేడమ్, నేను బెంగళూరు కంపెనీకి ఇంటినుంచి సర్వర్లు చూస్తాను. 2029 దాకా ఢోకా లేదని నమ్మి సెంటోస్ 8 అనే సర్వర్ లినక్స్‌కి మారినాం. 2020 డిసెంబర్‌లో దాని వెనకున్న రెడ్‌హ్యాట్ కంపెనీవాళ్లు 2021 చివరికే ఆపేస్తామన్నారు. ఏడేండ్లకు పైనే కోసేసినారు. ఆ వారం మా టీమ్‌లో ఎవురికీ నిద్రల్లేవు. ఇంతలో దాని బదులు వాడుకునేటట్టు 2021 మార్చిలో ఆల్మాలినక్స్, జూన్‌లో రాకీ లినక్స్ దిగినాయి. సోర్సు కోడ్ అందరిదీ కాబట్టే కదా! ఒక శనివారం రాత్రి స్క్రిప్ట్ నడిపించి రీబూట్ కొట్టినాం. లాగిన్ అయితే పేరు మారింది, సర్వీసులు అట్లనే నడుస్తా ఉండాయి. రకాలు ఎంచుకునేటప్పుడు తలనొప్పే. చేసినోడు మనల్ని నడిరోడ్డులో దించేసి పోయినప్పుడే వాటి విలువ తెలిసేది.

బేనీషా
మాది బంగారుపాళ్యం పక్క ఊరు, యూనివర్సిటీలో చదువుతున్నా. మా నాయన తోటంతా తోతాపురి మామిడే పెట్టినాడు. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ మీదే పడుకున్నాడు, కింద కాయలు మాగిపోతా ఉంటే. పక్క తోటాయన బేనీషా, నీలం కలిపి పెట్టుకుని తట్టుకున్నాడు. ఒకే రకం మీద అందరూ కూర్చుంటే అంతే మేడమ్.

ల్యాబ్‌మేడమ్, చిత్తూరు
బాబూ, మీ నాన్నగారు తోతాపురే ఎందుకు పెట్టారు? గుజ్జు ఫ్యాక్టరీకి ఒకటే రకం కావాలి గనుక. నా ల్యాబ్ తోట కాదు, ఫ్యాక్టరీ. 50 నిమిషాల పీరియడ్, ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురు పిలకాయలు. నేను మెనూ తెరవండంటే అది అందరికీ ఒకే మూల ఉండాలి.

తెలుగు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మెనూలకు తెలుగు చేసేవాళ్లు వేరు, కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి వేరు, ఎక్స్‌ఎఫ్‌సీఈకి వేరు. ఉన్నదే పిడికెడు మంది, వాళ్లూ మూడు ముక్కలు. అందుకే పైవరుస తెలుగులో కనిపిస్తుంది, ఒక క్లిక్కు లోపలికి పోతే ఇంగ్లీషు.

రాత్రిడ్యూటీ
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు మేడమ్. ఒక్కటి మాత్రం చెప్తా. గ్నోమ్ అయినా కేడీఈ అయినా, తెరమీద 'లక్ష్మి'కి ఒత్తు సరిగ్గా కూర్చిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామే. దాంట్లో ఎవురో ఒకరు తెలుగు తప్పు దిద్దితే అన్నింట్లోనూ దిద్దుకుంటుంది. పైన ఎన్ని రకాలున్నా అడుగున పునాది చాలావరకు ఉమ్మడిదే.

పాతపెంటియం
ఉమ్మడి అంటే గుర్తొచ్చింది. 2014లో సిస్టమ్‌డీ అనే, సిస్టమ్ మొదలవగానే సర్వీసులు నడిపించే ప్రోగ్రామ్ వద్దని డెబియన్‌లో కొట్లాడి, నెగ్గక, కొందరు డెవువాన్ అనే సొంత లినక్స్‌తో వేరు కాపురం పెట్టారు. వేరుపడ్డ ప్రతి తమ్ముడికీ పొయ్యి కావాలి, గిన్నెలు కావాలి, సర్వర్లు కావాలి. రోజూ ఎవడో ఒకడు వాల్‌పేపర్ మార్చి కొత్త లినక్స్ అని వదులుతున్నాడు. దానికి స్వేచ్ఛ అని పేరు. కేరళ ప్రభుత్వ బడులను చూడండి. పిల్లల ముందు పది పెట్టి కోరుకోమనలేదు, ఒక్కటి ఇచ్చారు.

బేనీషా
సార్, ఆ ఒక్కటి యాడనుంచి వచ్చింది? ఉబుంటు తీసుకుని వాళ్ల పాఠాలకు తగ్గట్టు మార్చుకున్నారు. అదీ ఇంకో రకమే కదా సార్!

పాతపెంటియం
మార్చింది ప్రభుత్వం, జీతాలిచ్చి. హాస్టల్ గదిలో కుర్రాడు మార్చి రెండేళ్లకు ఉద్యోగమొచ్చి వదిలేస్తే ఆ 22 సిస్టమ్‌ల గతేమిటి? నేను అడిగేది అదీ.

స్క్రూడ్రైవర్, తిరుపతి
ఇదిమాత్రం సార్ చెప్పినట్టే మేడమ్. నా షాపుకి వచ్చేవాళ్లకి నేనూ జాబితా చూపించను. మెషిన్ చూసి ఒకటి వేసి పంపిస్తా. ఆ జాబితా నాకోసం, వాళ్లకోసం కాదు.

ల్యాబ్‌మేడమ్, చిత్తూరు
అయితే ఇప్పటిదాకా నన్ను మీ షాపులో కూర్చోబెట్టారన్నమాట! సరే, 22 సిస్టమ్‌లకూ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనే. మా హెచ్‌ఓడీ ఫెడోరా అంటున్నారు, ఆయన గదిలో వేసుకోమన్నాను.

అచ్చుపని
అందరూ మాట్లాడినారు. అనూ సంగతి మాత్రం ఎవురూ చెప్పలేదు.

స్క్రూడ్రైవర్, తిరుపతి
అన్నా, ఆదివారం పొద్దున సిస్టమ్ ఎత్తుకుని షాపుకి రా. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ ఉంది, దాంట్లో వేసి చూద్దాం. మాట మాత్రం ఇవ్వను.