పాత దేవుళ్లని నాజీలు దొంగిలించారా, మొదటి నుంచీ ఒక గూటి పక్షులేనా?

పాతపుస్తకాలు
2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు తన ప్రకటనలో నాజీ అభిమానులు వాడే నల్ల సూర్యుడి గుర్తు వేసుకుని, వల్హల్లాలో (వైకింగ్‌ల వీరస్వర్గం) కలుద్దామని రాశాడు. 2021 జనవరి 6న అమెరికా క్యాపిటల్‌లోకి కొమ్ముల టోపీతో దూరినవాడి ఒంటి మీద వైకింగ్‌ల ఉరుముల దేవుడు థోర్ సుత్తి పచ్చబొట్టు. ఓడిన్, థోర్ లాంటి ఆ పాత ఉత్తర యూరప్ దేవుళ్లని ఇప్పుడు కొలిచేవాళ్లని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "అది అసలు మతం కాదు, వాళ్లు దొంగిలించారు." నాకు మింగుడుపడటం లేదు. 1918లో మ్యూనిక్‌లో ఆర్యజాతి, పాత జర్మన్ దేవుళ్ల పిచ్చి ఉన్న తూలే సొసైటీ అనే సంఘం నడిచింది. అందులోని కార్ల్ హారర్, ఆంటన్ డ్రెక్స్‌లర్‌తో కలిసి 1919 జనవరిలో పెట్టిన పార్టీయే తర్వాత నాజీ పార్టీ అయింది. దీన్ని దొంగతనం అంటారా?

ఇనుపసుత్తి
హిట్లర్ తూలే సొసైటీ సభ్యుడు కాదు. ముందు అది సరిచేయండి.

పాతపుస్తకాలు
సభ్యుడని నేనెక్కడ రాశానండీ? హారర్ అన్నాను. మళ్లీ చదవండి.

ఇనుపసుత్తి
రాయలేదు, కానీ చదివినవాళ్లకి అలాగే అర్థమవుతుంది. ఈ యూట్యూబ్ చరిత్రతో విసిగిపోయాను. 1938 న్యూరెంబర్గ్ సభలో హిట్లరే ఈ గుప్తవిద్యల వాళ్లకి తన ఉద్యమంలో చోటు లేదన్నాడు. 1941లో హిట్లర్ డిప్యూటీ హెస్ విమానమెక్కి స్కాట్లాండ్ పారిపోయాక జ్యోతిష్యుల్నీ, అకల్ట్ గుంపుల్నీ పట్టుకుని లోపలేశారు. రూన్‌ల (పాత జర్మన్ అక్షరాలు) ఆకారాల్లో వ్యాయామాలు నేర్పిన ఫ్రీడ్రిష్ మార్బీ అంతకు ముందే అరెస్టయి, చివరికి డాఖౌ నిర్బంధ శిబిరం నుంచి 1945లో బయటపడ్డాడు. 1939 లెక్కల్లో జర్మన్లు నూటికి తొంభై మందికి పైగా క్రైస్తవులే. వాళ్లనెవరూ అడగరు. నా మెడలో చిన్న థోర్ సుత్తి చూసి ఆఫీసులో ఒకాయన హెచ్‌ఆర్‌కి కంప్లయింట్ ఇచ్చాడు. అరగంట సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. సిలువ వేసుకున్నవాడికి ఆ టెన్షన్ ఉందా?

వేపచెట్టు
హెస్ పారిపోలేదు, శాంతి ఒప్పందం మాట్లాడదామని వెళ్లాడు.

ఇనుపసుత్తి
సరే సార్, వెళ్లాడు.

పాతపుస్తకాలు
హిట్లర్‌కి నచ్చలేదు, నిజమే. మరి నాజీల ఎస్‌ఎస్ దళం నడిపిన హిమ్లర్? 1934లో వేవెల్స్‌బుర్గ్ కోట తీసుకున్నాడు, 1935లో ఆనెనెర్బె అనే పరిశోధన సంస్థ పెట్టి పూర్వీకుల ఘనత తవ్వించాడు. సాల్జ్‌బర్గ్ పిచ్చాసుపత్రిలో ఉండి వచ్చిన విలిగుట్ తనకి తరతరాల జ్ఞాపకాలు ఉన్నాయంటే నమ్మి, ఎస్‌ఎస్‌లో పెద్ద హోదా ఇచ్చాడు. ఎస్‌ఎస్ వాళ్ల పుర్రె ఉంగరాల డిజైన్ కూడా అతనిదే. యుద్ధం తర్వాత జనం నల్ల సూర్యుడని పేరు పెట్టింది ఆ కోట నేల మీది బొమ్మకే. ఎస్‌ఎస్ అధిపతి అంటే దారిన పోయే దానయ్యా?

అర్ధరాత్రిరైలు
సావిత్రీ దేవిని వదిలేశారేం? ఫ్రాన్స్‌లో పుట్టిన మాక్సిమియాని పోర్టాస్. కలకత్తాలో ఉంది, హిట్లర్‌ని అవతారపురుషుడని రాసింది, కలియుగాన్ని అతనికి ముడిపెట్టింది. ఓడిన్ దొరక్కపోతే విష్ణువు. వీళ్లకి ఏ దేవుడైనా పనికొస్తాడు.

ఇనుపసుత్తి
అదే నేను చెప్పేది! దొంగ ఏ ఇంట్లోనైనా దూరతాడు, ఇంటివాడిది తప్పా?

పాతపుస్తకాలు
ఇంటివాడు ఎవరు? వెయ్యేళ్ల క్రితం ఆగిపోయిన మతం అది. జర్మన్ దేశాల్లో దాన్ని మళ్లీ లేపినవాళ్లలో ముందువరుసలో ఉన్నది వియన్నాలో గైడో ఫాన్ లిస్ట్. 1902లో కంటి ఆపరేషన్ తర్వాత చూపు లేని రోజుల్లో రూన్‌ల రహస్యం తెలిసిందన్నాడు, 1908లో పుస్తకం వేశాడు. ఆర్య జాతి, రక్తశుద్ధి అందులో మొదటి నుంచీ ఉన్నాయి. అప్పటికి నాజీ పార్టీయే లేదు. ఇంక ఎవడు ఎవడి దగ్గర దొంగిలించాడు?

ఇనుపసుత్తి
లిస్ట్‌వి 18 రూన్‌లు, ఆయన అల్లినవి. పాతవి 24, వైకింగ్ కాలంలో 16. నేను వాడేవి 24. ఐస్‌లాండ్‌లో ఈ పాత దేవుళ్లని కొలిచే ఆసాత్రూ సంఘం 1972లో మొదలైంది, మరుసటేడు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, ఎవరైనా చేరొచ్చు. లిస్ట్‌తో దానికేం పని? తెలియకపోతే తెలుసుకుని రాయి.

పాతపుస్తకాలు
"రాయి" అంటున్నావా? సరే, నేనూ అలాగే మాట్లాడతా. మా తమ్ముడు కూడా రూన్‌లు 24 అనే మొదలుపెట్టాడు. ధ్యానం, మ్యూజిక్, ఒక చాట్ గ్రూపు. ఏడాది తిరక్కుండా యూదులే అన్నిటికీ కారణమని అమ్మతో వాదిస్తున్నాడు. తెల్లవాడు కూడా కాదు వాడు! ఆ గ్రూపులో మంచివాళ్లు లేరా? ఉన్నారు. ఒక్కడూ నోరు విప్పలేదు. నాకు కోపం సుత్తి మీద కాదు, నీలాంటి మంచివాళ్ల మీద.

నీలికలువ
ఇదేదో ముందే చెప్పి ఉంటే తూలే సొసైటీ దాకా వెళ్లే పనే లేదు కదా.

ఇనుపసుత్తి
మీ తమ్ముడి సంగతి బాధాకరం. కానీ నోరు విప్పినవాళ్లు ఉన్నారు. 2016లో అమెరికాలో ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ "తెల్లజాతి కుటుంబాలు" అని ప్రకటన ఇస్తే, ఎన్నో హీతెన్ (ఈ పాత దేవుళ్ల మతం) సంఘాలు వాళ్లతో తెగదెంపులు చేసుకుంటూ డిక్లరేషన్ 127 అనే పత్రం మీద సంతకం చేశాయి. ఆ అసెంబ్లీ నా రంగు చూసి గేటు దగ్గరే ఆపేస్తుంది. నేను సుత్తి తీసేస్తే అది పూర్తిగా వాళ్లదే అవుతుంది.

పాతపుస్తకాలు
సంతకాలు సరే. మీ గ్రూపులో రక్తం, పూర్వీకులు అని మొదలుపెట్టినవాణ్ణి ఎప్పుడైనా బయటికి పంపారా?

ఇనుపసుత్తి
ఒకణ్ణి పంపాం.

పాతపుస్తకాలు
ఒకణ్ణేనా?

ఇనుపసుత్తి
ఇంకొకాయన ఉన్నాడు. గ్రూపు మొదలుపెట్టిందే ఆయన, సర్వర్ డబ్బు కట్టేదీ ఆయనే. ఆయన్ని పంపాలంటే మేమంతా బయటికి రావాలి. మీరైతే వచ్చేస్తారా?

పాతపుస్తకాలు
వచ్చేస్తాను.