షీట్‌లో డూప్లికేట్ ఓట్లు పోవడం లేదు, అర్జెంట్

తాండ్ర_బంగారుపాళ్యం: అన్నలూ, రాత్రి తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు మూడున్నర. మా తాండ్ర యూనిట్ లోగో పోటీకి జనం వేసిన ఓట్లు గూగుల్ షీట్‌లో ఉన్నాయి. డేటా మెనూలో రిమూవ్ డూప్లికేట్స్ కొడితే ఒక్కటీ లేదంటోంది, చూస్తే ఒకే బొమ్మకు ఒకే నిమిషంలో ముప్పై ఓట్లు పడున్నాయి. సాయంత్రం లోపల ఎవరు గెలిచారో చెప్పాలి.

ఎక్సెల్_పిల్లోడు: టైమ్‌స్టాంప్ కాలమ్ టిక్ తీసెయ్. ప్రతి ఓటుకీ టైమ్ వేరు కాబట్టి ఏ రెండు వరుసలూ ఒకటి కావు.

తాండ్ర_బంగారుపాళ్యం: తీశా. 1,140 వరుసలు పోయి తొమ్మిది మిగిలాయి!! అన్‌డూ కొట్టి వెనక్కి తెచ్చుకున్నా.

ఎక్సెల్_పిల్లోడు: బొమ్మలు ఎన్ని?

తాండ్ర_బంగారుపాళ్యం: తొమ్మిది.

ఎక్సెల్_పిల్లోడు: అదీ సంగతి, బొమ్మకొక్క వరుసే మిగిలింది. ఓటు ఎవరిదో తెలియడానికి మెయిల్ ఐడీ తీసుకోలేదా? ఇంకేం చేస్తాం. ఓట్లు తీసుకున్న ఫామ్‌లో ‘ఒకరికి ఒకే రెస్పాన్స్’ ఆన్ చేసి ఉండాల్సింది. ఈ షీట్‌తో ఏమీ కాదు.

రిటైర్డ్_మాస్టారు_తిరుపతి: అసలు మీరు చేసినదాన్ని, అంటే పనిని నలుగురి ముందూ పెట్టి జనం చేత చేయించుకోవడాన్ని, క్రౌడ్‌సోర్సింగ్ అంటారు. 2006లో వైర్డ్ అనే అమెరికా పత్రికలో జెఫ్ హౌ అనే విలేకరి ఈ మాట వాడాడు. పని మాత్రం పాతదే, సముద్రం మీద రేఖాంశం కనుక్కునే పద్ధతి చెప్పినవాళ్లకు 20,000 పౌండ్ల దాకా ఇస్తామని బ్రిటిష్ పార్లమెంటు 1714లోనే ప్రకటించింది. తెలుగులో ‘పదిమంది పని’ అంటే బాగుంటుందని నా అభిప్రాయం.

చిత్తూరోడు: పదిమంది పని అంటే కల్లం నూర్పిడి లాగా ఉంది మాస్టారూ. ఇది ఉత్త పోటీ. కొండమీద శ్రీవారి సేవ, అదీ పదిమంది పని.

రిటైర్డ్_మాస్టారు_తిరుపతి: అది సేవ, నాయనా. అక్కడ బహుమానం ఆశించి ఎవరూ రారు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

బొమ్మలక్క: మీరిద్దరూ మాటల దగ్గరే ఆగిపోయారు. తొమ్మిది మంది రాత్రుళ్లు కూర్చుని గీస్తే ఒక్కరికి డబ్బు, ఎనిమిది మందికి లైకులు, దీనికి ఇంగ్లీషులో గొప్ప పేరొకటి. నా దగ్గరికి నెలకిద్దరు వస్తారు, ‘శాంపిల్ గీయండి, నచ్చితే ఇస్తాం’ అని. టైలర్ దగ్గర చొక్కా ఒక చెయ్యి ఊరికే కుట్టించుకుంటారా ఎవరైనా? ప్లాస్టిక్ ఇటుకల ఆటబొమ్మలు చేసే లెగో కంపెనీ వాళ్లు జనం పంపిన డిజైన్ అమ్మితే దాని నికర అమ్మకాల్లో 1 శాతం ఇస్తారు. నీ ప్రైజ్ ఎంత తమ్ముడూ?

తాండ్ర_బంగారుపాళ్యం: 5,000 అక్కా. మాది చిన్న యూనిట్.

చిత్తూరోడు: లెగోలో కూడా 10,000 మంది మద్దతు వస్తే అది రివ్యూకి మాత్రమే పోతుంది, తీసుకునేదీ లేనిదీ కంపెనీ ఇష్టం. ఓటు గడప దాకా తెస్తుంది, లోపలికి రానిచ్చేది ఇంటాయన. 2016లో బ్రిటన్‌లో పరిశోధన నౌకకు పేరు అడిగితే జనం ‘బోటీ మెక్‌బోట్‌ఫేస్’ అనే వేళాకోళం పేరుని గెలిపించారు, ప్రభుత్వం మాత్రం టీవీలో ప్రకృతి కార్యక్రమాలు చేసే డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టింది. నువ్వూ ఓట్లు పక్కన పెట్టి నీకు నచ్చింది తీసుకో.

తాండ్ర_బంగారుపాళ్యం: ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే గెలుపని పోస్టర్‌లో వేశామన్నా.

ఎక్సెల్_పిల్లోడు: ఇది ముందే చెప్పొచ్చు కదా.

తాండ్ర_బంగారుపాళ్యం: ఇంకోటి. ఆ ముప్పై ఓట్లు పడింది మా బామ్మర్ది బొమ్మకే.

చిత్తూరోడు: 😂😂 అయితే టెక్నికల్ ప్రాబ్లం కాదు సామీ ఇది.

బొమ్మలక్క: ఎవరు గెలిచినా సంతకం పెట్టించుకో. కాపీరైట్ గీసినవాళ్లది, రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తేనే నీదవుతుంది. 1957 చట్టం 19వ సెక్షన్. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు. ‘పంపిన బొమ్మలన్నీ మావే’ అని పోస్టర్‌లో రాస్తే సరిపోదు. బామ్మర్దైనా సరే.

గోదావరి_అబ్బాయి: మధ్యలో వస్తున్నా, తాండ్ర అంటే ఆత్రేయపురం కదండీ?

చిత్తూరోడు: మొదలుపెట్టావా. తోతాపురి గుజ్జు ఏ జిల్లా నుంచి పోతుందో కనుక్కుని రా, తర్వాత మాట్లాడదాం.

గోదావరి_అబ్బాయి: గుజ్జు వేరు, తాండ్ర వేరండీ. ఎండలో పొర మీద పొర ఆరబెట్టాలి, తోతాపురికి ఆ తీపి ఏదీ?

రిటైర్డ్_మాస్టారు_తిరుపతి: తోతాపురి అనే మాట కూడా మనది కాదు. తోతా అంటే హిందీలో చిలక. కోస్తాలో దాన్నే కలెక్టర్ మామిడి అంటారు.

తాండ్ర_బంగారుపాళ్యం: సరే, ఓట్లు రద్దు చేశామని పోస్టు పెట్టేశా, తొమ్మిది మందికీ తలా కొంత ఇస్తాం. బామ్మర్ది ఫోన్ ఎత్తడం లేదు. థాంక్స్ అందరికీ, కాయల లోడ్ వచ్చింది.

బొమ్మలక్క: సంతకం సంగతి?

గోదావరి_అబ్బాయి: కిలో ఎంతండీ?