వేడి చేస్తే గాలి చల్లబడటమేంటి? రేలీ ఫ్లో అర్థం చేసుకోవడానికి సాయం కావాలి

అందరికీ నమస్కారం. గేట్ పరీక్షకి చదువుతున్నాను, మెకానికల్. ఘర్షణ లేని, అడ్డుకోత మారని డక్ట్‌లో గాలికి వేడి ఇస్తే ఏమవుతుందన్న దగ్గర (దీన్నే రేలీ ఫ్లో అంటారు) రెండు రోజులుగా ఆగిపోయాను.

సబ్‌సోనిక్‌లో వేడి ఇస్తే మాక్ నంబర్ (గాలి వేగానికి, ధ్వని వేగానికి ఉన్న నిష్పత్తి) పెరుగుతుంది, సూపర్‌సోనిక్‌లో తగ్గుతుంది, రెండూ 1 వైపే వెళ్తాయి. చల్లబరిస్తే దీనికి రివర్స్. ఇంతవరకు ఓకే. కానీ గాలికి (గామా, అంటే రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి, 1.4) మాక్ 0.845 నుంచి 1 మధ్యలో వేడి ఇస్తుంటే స్టాటిక్ ఉష్ణోగ్రత (గాలితో పాటే కదులుతూ కొలిస్తే వచ్చేది) తగ్గుతుంది! సమీకరణాన్ని డిఫరెన్షియేట్ చేస్తే వస్తోంది, కాదనను. ఇచ్చిన వేడి కంటే గతిశక్తి ఎక్కువ పెరుగుతుంది కాబట్టి అంటారు. ఆ మిగతాది గాలి తన సొంత ఎంథాల్పీ (ఉష్ణోగ్రతను బట్టి ఉండే శక్తి) నుంచి ఎందుకు తీసుకోవాలి? సాంద్రత పడిపోవడమే కారణమా? లెక్కతో కాకుండా భౌతికంగా ఎవరైనా చెప్పగలరా?

ఇంకొకటి. మాక్ 0.3, స్టాగ్నేషన్ ఉష్ణోగ్రత (గాలిని నష్టం లేకుండా ఆపేస్తే వచ్చేది) 300 కెల్విన్‌తో మొదలైతే అది 865 కెల్విన్ దగ్గర చోక్ అవుతుంది (మాక్ 1కి చేరుతుంది), అంటే కిలోకి సుమారు 568 కిలోజౌళ్లు. అంతకన్నా ఎక్కువ వేడి ఇస్తే ప్రవేశం దగ్గరి మాక్ నంబరే తగ్గుతుందట. ప్రవాహం దిగువన జరిగింది ఎగువనున్న గాలికి చేరేది పీడన తరంగాల ద్వారానేనా?