కారు బ్యాటరీ ఇంట్లోనే మార్చుకోవచ్చా? పొద్దున్నే సెల్ఫ్ అందుకోవడం లేదు (విజయవాడ)

పటమట వాసి:
అందరికీ నమస్కారం. నాది చిన్న పెట్రోల్ కారు, కొన్నప్పుడు వచ్చిన బ్యాటరీయే ఇంకా ఉంది, నాలుగేళ్లు దాటింది. ఈ మధ్య పొద్దున్నే కీ తిప్పితే ఇంజిన్ మూలుగుతూ తిరుగుతోంది, ఒక్కోసారి టక్ టక్ మని ఆగిపోతోంది, డాష్‌బోర్డు లైట్లు కూడా డల్ అయిపోతున్నాయి. ఒకసారి స్టార్ట్ అయ్యాక మాత్రం సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. మా వీధి చివర మెకానిక్ బానెట్ ఎత్తి చూసి బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ పోయాయి అంటున్నాడు, మీటరు పెట్టి చూడను కూడా లేదు. వచ్చే వారం అమ్మని గుంటూరు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, మంగళగిరి దగ్గర హైవే మీద బండి ఆగిపోతే ఆవిడని ఎండలో నిలబెట్టాలి, అదే టెన్షన్. బ్యాటరీ నేనే మార్చుకోవచ్చా? ప్లస్ ముందు తీయాలా మైనస్ ముందు తీయాలా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. తప్పు చేస్తే బండిలో కంప్యూటర్ కాలిపోతుందని కూడా భయపెట్టారు.

ఆటోనగర్ బాబాయ్:
మార్చుకోవచ్చు బాబూ, పది నంబర్ స్పానర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఎవరైనా చేసే పనే. కానీ కొనేముందు పోయింది బ్యాటరీయేనా అని తేల్చుకో. ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, కొత్త బ్యాటరీ వేయించుకుని రెండు వారాలకే మళ్లీ తోసుకుంటూ వచ్చేవాళ్లు చాలామంది, తీరా చూస్తే ఆల్టర్నేటర్, అదే ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని నింపే భాగం, ఛార్జింగ్ ఇవ్వడం లేదు. పాపం ఆ డబ్బు దండగే కదా.

ఎలక్ట్రికల్ షాపులో చిన్న మల్టీమీటర్ తెచ్చుకో. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున్నే కీ పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద మీటరు వైర్ల కొసలు పెట్టి చూడు. 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్ ఛార్జి, 12.4 అంటే ముప్పావు వంతు, 12 అటూఇటూ అంటే దాదాపు ఖాళీ. తర్వాత ఇంకొకళ్లని కీ తిప్పమని నువ్వు మీటరు చూడు, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందకి పడిపోతుంటే బ్యాటరీలో సత్తా తగ్గినట్టు. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.4 మధ్యలో ఉండాలి. అక్కడ కూడా 12 దగ్గరే ఆగిపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటరో దాని బెల్టో చూపించుకోవాలి.

ఇంకోటి, వోల్టేజీ బాగానే నిలబడి ఉండి కూడా ఇంజిన్ తిరగకపోతేనే సెల్ఫ్ మోటారు మీద అనుమానం పెట్టుకోవాలి. దాన్ని కళ్లతో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. టెర్మినల్ క్లాంపుని చేత్తో ఊపి చూడు, కదులుతున్నా, దాని చుట్టూ చిలుము పట్టి ఉన్నా ముందు అది శుభ్రం చేసి బిగించు. కొందరి బండ్లు అంతటితోనే బాగైపోతాయి.

పటమట వాసి:
చూశాను బాబాయ్ గారూ. పొద్దున్న 12.1 ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 8.7కి పడింది, ఎలాగో స్టార్ట్ అయ్యాక 14.2 చూపించింది. ప్లస్ క్లాంపు కింద తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంది, వేలితో కదిపితే రాలుతోంది. శుభ్రం చేసి బిగించాక మళ్లీ చూసినా పెద్ద తేడా రాలేదు. అయితే బ్యాటరీయేనన్నమాట, ఛార్జింగ్ బాగానే ఉంది కదా?

ఆటోనగర్ బాబాయ్:
ఛార్జింగ్ బాగుంది, బ్యాటరీయే పోయింది. సెల్ఫ్ మోటారు జోలికి ఇప్పుడు వెళ్లకు. మన బెజవాడ ఎండలకి నాలుగేళ్లు వచ్చిందంటే మంచి బ్యాటరీయే. చలికి పోతాయనుకుంటారు గానీ బ్యాటరీని లోపల్నుంచి తినేసేది వేడే. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. మే నెలలో బయట 45 ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో ఆలోచించు. దానికి తోడు పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి, ఏసీ వేసుకుని తిరిగే చిన్న చిన్న ట్రిప్పులు, సెల్ఫ్ తాగిన ఛార్జి తిరిగి నిండేలోపే బండి ఆపేస్తాం.

బ్రాడీపేట శ్రీను:
గుంటూరు నుంచి. కొనేటప్పుడు జాగ్రత్తలు నేను చెబుతాను. పాత బ్యాటరీ స్టిక్కర్ ఫోటో తీసుకుని వెళ్లండి. 38B20L లాంటి కోడ్ ఉంటుంది, అందులో 20 అంటే సుమారుగా పొడవు సెంటీమీటర్లలో, చివరి L లేదా R అంటే టెర్మినల్ ఏ వైపు ఉందో చెప్పేది. ఆ అక్షరం మారితే సైజు సరిపోయినా ప్లస్ వైరు అందదు, లాగి బిగిస్తే ఎక్కడో ఒకచోట రాసుకుని తెగుతుంది. కోడ్ అచ్చు అదే తీసుకోండి.

బ్రాండు గురించి గొడవలు పడతారు గానీ నా మటుకు తయారీ తేదీ ముఖ్యం. మన తిరుపతి దగ్గర కరకంబాడి వాళ్ల అమరాన్ అయినా ఎక్సైడ్ అయినా, షాపులో నెలల తరబడి పడున్నదైతే వద్దనండి. మూడు నెలల లోపుది అడగండి, మీ మీటరు పట్టుకెళ్లి అక్కడే చూడండి, 12.5 కంటే తక్కువ ఉంటే ఇంకోటి తీయమనండి, మొహమాటపడొద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. వారంటీ కార్డులో మొదటి కొన్ని నెలలు ఉచితంగా మార్చేది, తర్వాత పాక్షికంగా డిస్కౌంట్ ఇచ్చేది వేరువేరుగా ఉంటాయి, పెద్ద అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తనే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే బండి అయితే మాత్రం మామూలు బ్యాటరీ వేయకండి, వాటికి మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎమ్ రకం కావాలి, పాతదాని మీద ఏముందో అదే.

కృష్ణలంక రవి:
ఇంత శ్రమ ఎందుకు బ్రదర్, బ్యాటరీ షాపు వాళ్లకి ఫోన్ చేస్తే ఇంటికొచ్చి ఫ్రీగా బిగించి పాతది పట్టుకుపోతారు. మా ఇంట్లో రెండు బండ్లకీ అలాగే చేయించాం.

ఆటోనగర్ బాబాయ్:
అదీ మంచి దారే రవీ, కాదనను. కానీ ఈ అబ్బాయి నేర్చుకుంటానంటున్నాడు, నేర్చుకోవాల్సిన పనే ఇది. వాళ్లొచ్చినా పక్కన నిలబడి చూడటానికైనా పనికొస్తుంది.

బాబూ, శ్రద్ధగా చదువు. బండి ఆపి, లైట్లు, ఏసీ అన్నీ ఆపేసి, డ్రైవర్ వైపు అద్దం దించి, కీ జేబులో పెట్టుకో. బ్యాటరీ తీశాక డోర్ లాక్ పడితే అదో తలనొప్పి. పది నిమిషాలు ఆగు. చేతికి ఉంగరం, వాచీ, కడియం ఉంటే తీసేయ్. దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు, బ్యాటరీ హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది.

ముందు మైనస్. ఎప్పుడూ మైనస్సే ముందు. బండి బాడీ మొత్తం మైనస్‌కి కలిసి ఉంటుంది కాబట్టి, మైనస్ తీయకుండా ప్లస్ నట్టు విప్పుతుంటే స్పానర్ రెండో కొస పక్కనున్న ఇనుముకి తగిలిందంటే షార్టే, మంటలు లేచినా లేస్తాయి. మైనస్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. తీసిన మైనస్ వైరు మళ్లీ టెర్మినల్‌కి ఆనకుండా గుడ్డ చుట్టి పక్కకి వంచు. తర్వాత ప్లస్, ఆ తర్వాత బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ. ఆ పట్టీ నట్టు ఆఖరి చుట్టులో చేతి వేళ్లతోనే తీయి, స్పానర్‌తో తిప్పితే జారి ఇంజిన్ కింద ఎక్కడో పడుతుంది, వెతకడానికి ప్రాణం పోతుంది. బ్యాటరీ పది కిలోల అటూఇటూ ఉంటుంది, వాల్చకుండా నిటారుగా ఎత్తు. చేతికి యాసిడ్ తగిలితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడుక్కో.

క్లాంపుల మీద మిగిలిన చిలుముకి వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దు, బుసబుస పొంగి వదిలేస్తుంది, పొడిగుడ్డతో తుడిచెయ్. కొత్తది పెట్టి ముందు పట్టీ బిగించు, వదులుగా ఉంటే గుంతల్లో అదిరి లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. ఇప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. క్లాంపు దిగకపోతే సుత్తితో కొట్టొద్దు, టెర్మినల్ సీసం, మెత్తటిది. స్క్రూడ్రైవర్‌తో క్లాంపు నోరు కాస్త తెరువు. బిగించాక పైన వాసెలిన్ రాయి. ప్లస్, మైనస్ తారుమారు కాకపోతే కంప్యూటర్‌కి ఏమీ కాదు. మొదట మైనస్ విప్పేటప్పుడు దాని క్లాంపు మీద చిన్న ప్లాస్టిక్ సెన్సర్ ఉంటే దాని ప్లగ్గు మెల్లగా తీసిపెట్టుకో, లాగొద్దు.

పటమట వాసి:
అయిపోయింది బాబాయ్ గారూ, అన్నీ మీరు చెప్పిన వరసలోనే చేశాను. పొద్దున్న 12.7, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 10 కంటే దిగలేదు. శ్రీను గారూ, షాపులో మొదట చూపించింది 12.3 ఉంటే వద్దన్నాను, లోపల్నుంచి కొత్తది తెచ్చారు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రెండు డౌట్లు. డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లేది, ఇప్పుడు వెళ్లడం లేదు. పాత బ్యాటరీ బాల్కనీలో ఉంది, వీధిలో పాత ఇనుము కొనే అతను అడుగుతున్నాడు, ఇచ్చేయొచ్చా?

బ్రాడీపేట శ్రీను:
అద్దానికి భయం లేదు, కరెంటు పోయేసరికి అది హద్దులు మర్చిపోయింది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి అద్దం పూర్తిగా దించండి, స్విచ్చి పైకి లాగి పట్టుకుని అద్దం మూసుకున్నాక కూడా రెండు మూడు సెకన్లు అలాగే ఉంచండి. చాలా బండ్లకి ఇదే పద్ధతి, కాకపోతే మాన్యువల్‌లో ఉంటుంది. గడియారం సరిచేసుకోండి, ఐడ్లింగ్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే తీరు, ఒకటి రెండు రోజులు కాస్త తేడాగా ఉన్నా సర్దుకుంటుంది.

పాతది ఆ ఇనుము అతనికి ఇవ్వకండి. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, యాసిడ్ ఏ కాలవలోనో పారబోసి సీసం పెరట్లో కరిగించేవాళ్ల దగ్గరికి చేరితే ఆ పొగ పీల్చేది అక్కడి పిల్లలే. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి చేరేలా చూసే బాధ్యత తయారీ కంపెనీలదే. మీరు కొన్న షాపుకే బిల్లు పట్టుకెళ్లండి, పాతది ఇస్తే తగ్గించే డబ్బు ఇప్పుడైనా ఇస్తారేమో అడగండి. బ్యాటరీని డిక్కీలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టి తీసుకెళ్లండి.