కరెంటు పోతే సంప్ పొర్లుతోంది: చెక్ వాల్వ్ చాలా, ఇంకేమన్నా చేయాలా?

కొత్తరీఫ్: ఉప్పునీటి ట్యాంక్, 120×60×60 సెం.మీ. కింద సంప్ (పంపు ఉండే రెండో తొట్టి) 90×40×40, పంపు నడిచేటప్పుడు అందులో నీటిమట్టం 30 సెం.మీ. ట్యాంకు మూలన, పైఅంచున దువ్వెన పళ్లలాంటి సందుల్లోంచి నీళ్లు పడే బాక్స్ ఉంది. అందులో నీళ్లు సంప్‌లోకి దిగే అంగుళం డ్రెయిన్ ఒకటి, పంపు నీళ్లని పైకి తెచ్చే ముప్పావు అంగుళం రిటర్న్ ఒకటి. రిటర్న్ నాజిల్ నీటిమట్టానికి 5 సెం.మీ. కింద ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ సంప్ అంచు దాటి నీళ్లు నేల మీదికొస్తున్నాయి. రిటర్న్‌కి చెక్ వాల్వ్ (నీళ్లని వెనక్కి రానీయనిది) బిగిస్తే ఆగుతుందా?

గోదారి_రీఫ్: ఆగుతుంది తమ్ముడూ. స్వింగ్ చెక్ వాల్వ్ తీసుకో, రెండు పక్కలా యూనియన్లు (విప్పదీసే జాయింట్లు) పెట్టు, బాణం గుర్తు పైకి ఉండాలి. మూడు నెలలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెడితే సున్నపు పెచ్చులు వదిలిపోతాయి.

కొలబద్ద: దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దండి. లోపలి రెక్క కింద చిన్న నత్త ఇరుక్కున్నా వాల్వ్ మూసుకోదు. ముందు లెక్క చూడండి. మీ ట్యాంకులో 1 సెం.మీ. అంటే 7.2 లీటర్లు, సంప్‌లో 1 సెం.మీ. అంటే 3.6 లీటర్లు. పైన ఒకటి దిగితే కింద రెండు పెరుగుతుంది. నాజిల్ 5 సెం.మీ. లోతున ఉంది కాబట్టి గాలి పీల్చుకునేదాకా రిటర్న్ పైపు 36 లీటర్లు వెనక్కి లాగేస్తుంది. బాక్స్‌లోవీ పైపుల్లోవీ ఓ 4 లీటర్లు కలపండి. 40 లీటర్లంటే సంప్‌లో 11 సెం.మీ. 30కి 11 కలిస్తే 41, మీ సంప్ ఎత్తు 40. నాజిల్‌ని 1 సెం.మీ. లోతుకి ఎత్తండి. అప్పుడు బాక్స్ పళ్ల మట్టం దాకా, అంటే సుమారు 2 సెం.మీ. మాత్రమే దిగుతుంది. మొత్తం 18 లీటర్లు, సంప్ 35 దగ్గర ఆగిపోతుంది. వాల్వ్ పనిచేసినా చేయకపోయినా నేల తడవదు.

నత్తగుల్ల: నాజిల్ కదపకుండా, నీటిమట్టానికి కాస్త కింద రిటర్న్ పైపుకి 5 మి.మీ. రంధ్రం వేస్తే?

కొలబద్ద: పనిచేస్తుంది, కానీ నాచు పట్టి మూసుకుపోతుంది. వారానికోసారి పుల్లతో పొడవాలి.

పీవీసీ_బాబాయి: మీరంతా కరెంటు పోవడం గురించే మాట్లాడుతున్నారు. కరెంటు ఉండగా ఆ ఒక్క డ్రెయిన్ మూసుకుపోతే? అప్పుడు పొర్లేది సంప్ కాదు, పై ట్యాంకు. రిటర్న్‌ని వెనక అంచు మీదుగా తెచ్చి రెండు రంధ్రాలనీ డ్రెయిన్లకే ఇచ్చేయాలి. ముప్పావు పైపు నిండా నీటితో సైఫన్‌గా నడవాలి, దాని మీద గేట్ వాల్వ్. బాల్ వాల్వ్ పావు తిప్పులోనే మూసేస్తుంది, సన్నగా సర్దడానికి కుదరదు. ఇత్తడిది అసలొద్దు, అందులోని రాగి రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది. అంగుళం పైపు అత్యవసరానికి, దానికి వాల్వ్ ఉండకూడదు. సైఫన్ పైపు చివర సంప్ నీళ్లలో 2 సెం.మీ. మునిగితే చాలు, లోతుగా ముంచితే గాలి బయటికి పోక సైఫన్ అందుకోదు. అత్యవసర పైపు చివర మాత్రం నీటికి పైనే ఉండాలి, నీళ్లు పడే చప్పుడే మీకు హెచ్చరిక.

గోదారి_రీఫ్: ఆయన అడిగింది సంప్ గురించి బాబాయ్.

కొలబద్ద: నాజిల్ ఎత్తాక సంప్‌లో పంపు నడిచేటప్పటి మట్టాన్ని కూడా 27కి దించితే ఇంకా భద్రం.

గోదారి_రీఫ్: ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది! వాల్వ్ అన్నవాడికి ఏమీ తెలియదన్నట్టు ప్రతిసారీ లెక్కలు చదువుతారు. సంప్‌లో పంపు ఉండే రిటర్న్ గది అడుగు ఎంతుంటుంది? 25×40 అనుకోండి. ఎండాకాలం రోజుకి 4 లీటర్లు ఆవిరైతే ఆ గదిలో రోజుకి 4 సెం.మీ. తగ్గుతుంది. మీరు మూడు దించేశారు, ఊరెళ్లినవాడి పంపు ఒక రోజు ముందే గాలి పీలుస్తుంది. నాకు మట్టం ఎత్తుగా ఉండాలి, అందుకే వాల్వ్ అంటున్నా.

కొలబద్ద: ఆ మాట మొదటే అనాల్సింది. ఆవిరికి జవాబు ఆటో టాప్ఆఫ్ కదండీ, మట్టం తగ్గగానే బకెట్టులోంచి మంచినీళ్లు తనే పోస్తుంది.

పీవీసీ_బాబాయి: టాప్ఆఫ్ దగ్గరే అసలు ప్రమాదం. బాక్స్ పళ్లకి నాచు అడ్డం పడితే నా అత్యవసర పైపు కూడా దండగ, నీళ్లు అక్కడిదాకా రావు. రిటర్న్ గదిలో పంపు నోటికి పైన 20 సెం.మీ. ఉంటే 20 లీటర్లు పైకెక్కుతాయి. పై ట్యాంకులో ఖాళీ 4 సెం.మీ. అయితే 28.8 లీటర్లు పడుతుంది, అంతవరకూ ఫర్వాలేదు. కానీ గదిలో మట్టం తగ్గగానే టాప్ఆఫ్ మంచినీళ్లు పోస్తూనే ఉంటుంది. దానికి 15 లీటర్ల బకెట్టు పెట్టారంటే మొత్తం 35, పొర్లి తీరుతుంది, ఉప్పు కూడా పలచబడుతుంది. బకెట్టు 8 లీటర్లకి మించకూడదు.

గోదారి_రీఫ్: 8 లీటర్లు రెండు రోజులకే సరి. వారం ఊరెళ్లేవాడు ఏం చేయాలి?

పీవీసీ_బాబాయి: పై ట్యాంకులో అంచుకి 2 సెం.మీ. కింద ఫ్లోట్ స్విచ్ (నీళ్లతో పాటు తేలి లేచే స్విచ్) పెట్టాలి. అది లేవగానే రిటర్న్ పంపూ టాప్ఆఫ్ రెండూ ఆగాలి. అప్పుడు పెద్ద డబ్బా పెట్టుకోవచ్చు.

గోదారి_రీఫ్: అది ఒప్పుకుంటా. చెక్ వాల్వ్ మాత్రం తీయను.

కొత్తరీఫ్: ముందు నాజిల్ ఎత్తుతాను. పరీక్ష ఎలా చేయాలి?

పీవీసీ_బాబాయి: చెక్ వాల్వ్ బిగిస్తే దాని రెక్క తీసేసి పంపు స్విచ్ ఆపండి, సంప్ ఎక్కడ ఆగిందో గీత గీయండి. తర్వాత టాప్ఆఫ్ ప్లగ్గు పీకేసి, బాక్స్ పళ్లకి పాలిథీన్ కవరు అడ్డం పెట్టి పంపు నడపండి, గాలి పీల్చేదాకా పక్కనే ఉండండి. పై అంచుకి ఎంత మిగిలిందో కొలిచి ఇక్కడ పెట్టండి.