కారులో చవక నావిగేషన్ పరికరం కొనాలా, ఫోను సరిపోతుందా?

నల్లమల యాత్రికుడు:
మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. ఏడాదికి నాలుగైదు సార్లు హైదరాబాదు నుంచి శ్రీశైలానికి స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి మహానంది, అహోబిలం చూసుకుని వస్తారు. మన్ననూరు దాటి అడవిలో ప్రవేశించాక చాలా దూరం ఫోనుకు సిగ్నల్ అందదు. అందుకని ఒక కార్ల సామాన్ల దుకాణంలో ఆరు వేల రూపాయలకు చూసిన జీపీఎస్ నావిగేషన్ పరికరం కొందామనుకుంటున్నాను. ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుందని దుకాణదారు చెప్పారు. చేతిలో ఫోను ఉండగా ఇది దండగ ఖర్చని మా తమ్ముడి వాదన. పెద్దలు సలహా చెప్పగలరు.

రేడియో మేస్త్రి:
దుకాణదారు చెప్పింది నిజమే గానీ, ఆ మాట మీ ఫోనుకూ వర్తిస్తుందండీ. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, రిసీవరు తానెక్కడ ఉన్నదో లెక్క కట్టుకుంటుంది. అది ఫోనులో ఉన్నా, డ్యాష్‌బోర్డు మీది డబ్బాలో ఉన్నా ఇంటర్నెట్‌తో దానికి పని లేదు. ఇంటర్నెట్ కావలసింది మ్యాపు తెచ్చుకోవడానికి. బయలుదేరే ముందు ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో నాగర్‌కర్నూల్ నుంచి నంద్యాల దాకా ఉన్న ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసి ఉంచితే, అడవిలోనూ మలుపు మలుపుకూ దారి చెబుతుంది. ట్రాఫిక్ వివరాలు రావు, నల్లమలలో వాటి అవసరమూ లేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. ఉపగ్రహాలు తమ కక్ష్యల వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో, నత్తనడకన పంపుతాయి. సిగ్నల్ ఉన్నచోట ఫోను ఆ వివరాలను నెట్‌వర్కు ద్వారా క్షణాలలో తెచ్చుకుంటుంది. నెలల తరబడి మూలన పడి ఉన్న పరికరం అవన్నీ ఆకాశం నుంచే అందుకోవాలి కాబట్టి, మొదటిసారి స్థానం చూపడానికి నిమిషాలు పట్టవచ్చు.

టాక్సీ అనుభవం:
మేస్త్రిగారి లెక్కలు సరైనవే, అయితే ఆయన ఎండను లెక్కలో వేయలేదు. మే నెలలో అద్దం ముందు ఫోను పెట్టి, చార్జింగు పెట్టి నడిపిస్తే గంటలోపే వేడెక్కి చార్జింగు ఆపేస్తుంది, తెర వెలుతురు తగ్గిపోతుంది. పైగా మలుపు చెప్పవలసిన క్షణంలోనే ఎవరో ఒకరు ఫోను చేస్తారు. పెద్దవయసువారికి ఒకే పని చేసే పరికరం, పెద్ద అక్షరాలు, రెండు మూడు మీటలు ఉంటే మనసు కుదుటగా ఉంటుంది. నా ఓటు పరికరానికే.

బెజవాడ వాసి:
నేను 2018లో ఇలాంటిదే కొన్నాను. 2020 అక్టోబరులో మా ఊళ్లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచారు. దాని మీద వెళ్తున్నప్పుడల్లా, ఆ వంతెన ఒకటి ఉన్నదని తెలియని మా పరికరం కింది రోడ్డు మలుపులు ఓపికగా చెబుతూనే ఉండేది. కొత్త మ్యాపు కోసం అమ్మినవారిని అడిగితే ఆ మోడలుకు ఇక రాదన్నారు. కొన్ననాటి మ్యాపుతోనే అది ముసలిదైపోయింది. తక్కువ ధరకు ఇచ్చేవారు మిగుల్చుకునేది ఇక్కడేనని నా అనుమానం.

టాక్సీ అనుభవం:
వంతెనల విషయంలో ఫోనును మాత్రం నమ్మగలమా? మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 నుంచీ ఉంది. నేను పైన ఉన్నానా, కింద ఉన్నానా అన్నది నా ఫోనుకు ఇప్పటికీ సందేహమే.

రేడియో మేస్త్రి:
అది మ్యాపు తప్పు కాదండీ. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింది వైపు నుంచి సరిచూసుకోవడానికి ఏదీ ఉండదు. అందువల్ల ఎత్తు లెక్కలో పొరపాటు ఎక్కువగా వస్తుంది. అందులో ఫోనుకూ పరికరానికీ తేడా లేదు.

చట్టం తెలిసినవాడు:
దారి చూసుకోవడానికి ఫోను వాడితే జరిమానా పడుతుందన్న భయంతో పరికరం కొనేవారూ ఉన్నారు కనుక ఒక మాట. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, ఏకాగ్రత చెడకుండా కేవలం దారి చూసుకోవడానికి చేతి ఫోనును వాడవచ్చు. మాట్లాడడం వేరు.

అచ్చంపేట అల్లుడు:
ఈ వాదనంతా బాగుంది గానీ, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అటవీశాఖ వారు మన్ననూరు గేటు మూసివేస్తారని ఏ పరికరం చెబుతుందండీ? నేను ఒకసారి తొమ్మిదింబావుకు చేరి రాత్రంతా కారులోనే పడుకున్నాను. తెర మీద మాత్రం దారి నున్నగా నీలిగీతలా కనిపిస్తూనే ఉంది.

నల్లమల యాత్రికుడు:
గేటు సంగతి నాన్నగారికి కంఠస్థం, ఆ బెంగ లేదు. ఆయనకు ఇబ్బందల్లా దోర్నాల దాటాకే. రేపు దుకాణానికి వెళ్లి ఆ పరికరంలో బెజవాడ ఫ్లైఓవర్ చూపించమంటాను. అది లేకపోతే కొనను. ఉంటే, మూడేళ్లపాటు కొత్త మ్యాపు ఉచితంగా ఇస్తామని బిల్లు మీద రాయించుకుంటాను.

బెజవాడ వాసి:
నా బిల్లు మీద కూడా రాశారండీ. ఆ దుకాణంలో ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు.