90 సెకన్ల తిల్లానా: సాహిత్యం ఉంచాలా, తీసేయాలా?

అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది అమ్మాయిలకు జరిగే డిస్టింగ్విష్డ్ యంగ్ విమెన్ స్కాలర్‌షిప్ పోటీ కోసం మా అమ్మాయి కూచిపూడి తిల్లానా (లయ ప్రధానంగా సాగే నృత్యాంశం) సిద్ధం చేస్తోంది. 1958లో జూనియర్ మిస్‌గా మొదలైన పోటీ ఇదే. జాతీయ ఫైనల్స్ అలబామాలోని మొబీల్‌లో జరుగుతాయి. ఇంటర్వ్యూ, చదువు, ఫిట్‌నెస్ సంగతి మాకు స్పష్టంగానే ఉంది. చిక్కంతా టాలెంట్ దగ్గరే. 90 సెకన్లు దాటకూడదు.

ఆదితాళం, నిమిషానికి 80 అక్షరాల (తాళం లెక్కల) వేగం. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 8 అక్షరాలు కాబట్టి 6 సెకన్లు. 14 ఆవర్తనాలకు 84 సెకన్లు, మిగిలిన 6 సెకన్లు చివరి భంగిమకు. ప్రస్తుతానికి పల్లవికి 4, జతులకు (మాటల్లేని లయ పలుకులకు) 4, అభినయం ఉండే చరణం సాహిత్యానికి 3, ముక్తాయింపుకు (ముగింపు లయ వరుసకు) 3 అనుకున్నాం. ఆవర్తనం మధ్యలో ట్రాక్ కోస్తే సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) తప్పుతుంది, అందుకే కోతలన్నీ సమం మీదే. వేగం 96కి పెంచితే ఇంకో రెండు మూడు ఆవర్తనాలు పడతాయి గానీ, అరమండి (మోకాళ్లు పక్కలకు వంచిన సగం కూర్చునే భంగిమ) పైకి లేచిపోతోంది, అడుగు తేలిపోతోంది. అది మాత్రం ఒప్పుకోలేం.

ఈ వేదికల మీద శాస్త్రీయ నృత్యం చేయించిన గురువులు, తల్లిదండ్రులు దయచేసి చెప్పండి: భాష తెలియని జడ్జీలకు ఆ 18 సెకన్ల అభినయం అందుతుందా, లేక దాన్ని తీసేసి జతులే పెంచాలా? గజ్జెల శబ్దం ట్రాక్‌ను మింగకుండా మృదంగం స్థాయి ఎంత పెంచి మిక్స్ చేయించారు?